అమ్మాయిని అడిగారా?

చూపు లేని పిల్లలు, చూపు తక్కువున్న పిల్లలు, వాళ్ళ ఇళ్ళు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పద్దెనిమిదేళ్ళు నిండబోతున్న పిల్లల గురించి రాయండి అని పోయిన నెల అడిగాం, ఉత్తరాలు చాలా వచ్చాయి, అన్నిటికీ ఇక్కడ చోటు లేదు, ఐదు తీసుకున్నా. చూపు లేని పిల్లలకి ఇరవై ఏళ్ళ పైగా పాఠాలు చెప్పాను కాబట్టి అక్కడ చూసింది, పిల్లల దగ్గర నేర్చుకున్నది రాస్తున్నా. పేర్లు ఎవరివీ వెయ్యట్లేదు.

ప్రశ్న: మేడం, మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. ఇప్పుడు ఇంటర్ సెకండియర్, సీఈసీ. చదువులో ఎప్పుడూ ముందే. డిగ్రీ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుతానంటోంది. మేం దాన్ని ఇంట్లో ఒక్క పనీ చెయ్యనివ్వలేదండి, అన్నం కలిపి పెట్టేది నేనే, జడ వేసేది నేనే. వాళ్ళ నాన్న ఇక్కడే కాలేజీలో చేర్పిద్దాం, రోజూ బండి మీద నేనే దింపి తీసుకొస్తా అంటున్నారు. అది మూడు రోజుల్నుంచి మాతో సరిగ్గా మాట్లాడట్లేదు. పంపితే అక్కడ ఎలా బతుకుతుందో అని భయం, పంపకపోతే జన్మంతా మమ్మల్ని తిట్టుకుంటుందేమో అని భయం. ఏం చెయ్యమంటారు? (ఓ తల్లి, తెనాలి)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మీ భయం ఉంది, మీవారి ప్లాన్ ఉంది, కానీ అమ్మాయి డిగ్రీలో ఏం చదవాలనుకుంటోందో, హైదరాబాదే ఎందుకు అంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా తల్లీ? తప్పు పట్టడానికి అనట్లేదు. ఇది మీ ఒక్క ఇంట్లోనే కాదు, కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన పిల్లని పక్కన పెట్టుకుని "పాపకి తలనొప్పి వస్తోందా" అని తల్లిని అడుగుతాడు, బట్టల షాపులో "అమ్మాయికి ఏ రంగు ఇష్టమండీ" అని తల్లిని అడుగుతారు, టిఫిన్ సెంటర్లో కూడా "ఆ పాపకేం కావాలి" అని పక్కవాళ్ళనే అడుగుతారు, మనం కూడా ఆలోచించకుండా టక్కున చెప్పేస్తాం. పదిహేడేళ్ళు తన ప్రశ్నకి ఇంకొకరు జవాబు చెప్తుంటే విన్న పిల్లకి, ఒక పుట్టినరోజు దాటగానే నిర్ణయం నువ్వే తీసుకో అంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? అయినా మీ అమ్మాయి హైదరాబాద్ వెళ్తా అని నోరు తెరిచి అడిగింది చూడండి, నాకైతే చాలా సంతోషమేసింది. అడగడం మర్చిపోయిన పిల్లల్ని నేను ఎక్కువమందిని చూశాను.

ఇంకో సంగతి చెప్పాలి. చూపున్న పిల్లలు సగం పనులు ఎవరూ నేర్పకుండానే నేర్చేసుకుంటారు. అమ్మ కూరగాయలవాడితో బేరం ఆడటం, నాన్న బ్యాంకులో ఫారం నింపడం, పక్కింటి అక్క బస్సు చెయ్యెత్తి ఆపడం, ఇవన్నీ చూస్తూ పెరుగుతారు. చూపు లేని పిల్లకి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది కాబట్టి మనం మాటతో చెప్పాలి, చెయ్యి పట్టి చేయించాలి. ఫిల్ హాట్‌లెన్ అనే అమెరికా టీచర్ 1996లో ఈ విషయం మీదే గట్టిగా రాశారు, మామూలు సిలబస్ కాకుండా చూపు లేని పిల్లలకి విడిగా నేర్పాల్సినవి ఉన్నాయని, అవి ఇప్పుడు తొమ్మిదిగా లెక్కేస్తారు, బ్రెయిలీ, కర్రతో నడక, ఇంటి పనులు, టెక్నాలజీ ఇలాంటివన్నీ. తన నిర్ణయం తాను తీసుకోవడం కూడా ఆ తొమ్మిదిలో ఒకటి. అంటే అది కూడా నేర్పితే వచ్చేదే, చిన్న చిన్న విషయాల్లో రోజూ చేస్తుంటేనే వస్తుంది.

వంటింట్లో మొదలుపెట్టండి. పొయ్యి వెలిగించకముందే గిన్నె బర్నర్ మీద పెట్టి, సరిగ్గా మధ్యలో ఉందా లేదా చేత్తో తడిమి చూసుకుని, అప్పుడు వెలిగించడం అలవాటు చెయ్యండి. అన్నానికి నీళ్ళు వేలి కణుపుతో కొలవడం మీకు తెలిసిందే, మన అమ్మమ్మలు అందరూ అలాగే కొలిచారు, దానికి కళ్ళతో పనే లేదు. పాలు పొంగే ముందు చప్పుడు మారుతుంది, మీరు ఎప్పుడూ గమనించి ఉండరు, ఓ రోజు కళ్ళు మూసుకుని వినండి. గ్లాసులో నీళ్ళు పోసేటప్పుడు అంచు లోపల వేలు పెట్టుకుంటే ఎంత నిండిందో తెలుస్తుంది. ఓసారి చెయ్యి చురుక్కుమంటుంది, ఓసారి పాలు పొంగిపోతాయి, అప్పుడు మీరు పరిగెత్తుకెళ్ళి గిన్నె లాక్కోకుండా ఉండగలిగితే సగం పని అయినట్టే. గుడ్డ ఎక్కడుందో చెప్పి, తుడుచుకోనివ్వండి.

తర్వాత డబ్బు. మీ అమ్మాయికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంతో చెప్పే గవర్నమెంటు కాగితం ఉంటే 2024 నుంచి నెలకి పెన్షన్ 6,000 వస్తూ ఉండాలి కదా, అది ఎవరి చేతికి వెళ్తోంది? ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంటే తప్పు అనను, ఇల్లు గడవాలి, కానీ అందులో నెలకి ఓ వెయ్యి పూర్తిగా ఆమె చేతిలో పెట్టండి, లెక్క అడగొద్దు. పదో తారీఖుకే అయిపోయిందంటే మళ్ళీ ఇవ్వొద్దు. తల్లులకి ఇది వంటింటి కన్నా కష్టం, నాకు తెలుసు. నోట్లు గుర్తుపట్టడం కూడా నేర్పాలి. వంద, రెండొందలు, అయిదొందల నోట్లు ఎత్తు ఒక్కటే, పొడవు మాత్రం 142, 146, 150 మిల్లీమీటర్లు, అంటే తేడా నాలుగు మిల్లీమీటర్లే, వేళ్ళకి అంత సులువుగా అందదు కాబట్టి ఒక కార్డు ముక్క మీద గాట్లు పెట్టి కొలుచుకునేవాళ్ళున్నారు. అంచుల్లో ఉబ్బెత్తు గీతలు ఉంటాయి, వంద మీద నాలుగు, అయిదొందల మీద అయిదు, పాత నోట్ల మీద అరిగిపోతాయి. ఫోన్‌లో రిజర్వ్ బ్యాంకు వాళ్ళదే మణి అనే యాప్ ఉంది, 2020లో తెచ్చారు, కెమెరా ముందు నోటు పెడితే ఎంతో చెప్తుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఒక్కో రకం నోటు ఒక్కోలా మడతపెట్టి పర్సులో పెట్టుకోవడం మాత్రం అన్నిటికన్నా పాత పద్ధతి, ఇప్పటికీ అదే బాగా పనిచేస్తోంది.

హైదరాబాద్ గురించి. మీరూ మీవారూ కూర్చుని అవునో కాదో తేల్చకండి, ఆ పని అమ్మాయికే అప్పజెప్పండి. హాస్టళ్ళకి ఫోన్ చేసేది ఆమె, ఫీజు ఎంతో, మెస్ ఏ టైమ్‌కో, గదిలో ఎంతమందో, బాత్రూం ఎంత దూరమో, కాలేజీకి ఏ బస్సు ఎక్కాలో కనుక్కునేది ఆమె. కనుక్కున్నది మీ ఇద్దరి ముందు పెట్టమనండి, మీవారికి ఉన్న ప్రతి భయానికీ ఆమె ప్లాన్ ఏంటో ఆమెనే చెప్పమనండి. ఏదో ఒకదానికి ఆమె దగ్గర జవాబు ఉండదు, అక్కడ మీరు సాయం పట్టండి. పరీక్షలు అయిపోయాక కాలేజీలో చేరేలోపు కర్రతో నడవడం నేర్పించండి, హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు లేనివాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చే రీహాబిలిటేషన్ సెంటర్ ఉంది, అక్కడ కనుక్కోవచ్చు, ఆ ఫోన్ కూడా ఆమెతోనే చేయించండి. సీట్ల విషయానికొస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం గవర్నమెంటు కాలేజీల్లో, ఎయిడెడ్ కాలేజీల్లో డిగ్రీ లాంటి పైచదువులకి 5 శాతానికి తగ్గకుండా రిజర్వేషన్ ఉంది, యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు, ఇంకా తీయకపోతే ముందు ఆ పని చూడండి.

మీవారితో ఒక మాట చెప్పండి. రోజూ దింపుతా అనే తండ్రి ఉండటం ఆ పిల్ల అదృష్టం, నిజంగా అంటున్నా. కాకపోతే ఆయనకి జ్వరం వచ్చిన రోజు కాలేజీ ఉండదు, ఆయన ఊరెళ్ళిన రోజు కాలేజీ ఉండదు, ఫ్రెండ్స్‌తో ఓ గంట ఎక్కువ ఉండాలనిపిస్తే ఉండటానికి లేదు. ఆయనకి ఇంకా ధైర్యం చాలకపోతే ముందు గుంటూరులోనో విజయవాడలోనో చుట్టాలింట్లో నాలుగు రోజులు ఉంచండి, మీరు లేకుండా, ఆ ఇంట్లోవాళ్ళకి కూడా ముందే చెప్పండి అన్నం కలిపి పెట్టొద్దని. నాలుగు రోజులయ్యాక ఏది వచ్చింది ఏది రాలేదు అని ఆమెనే చెప్పమని, అప్పుడు ముగ్గురూ కూర్చోండి.

ప్రశ్న: నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు ఉంది మేడం. పగలు పర్లేదు, ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, రాత్రి అస్సలు కనపడదు, పక్కల నుంచి వచ్చేవి తెలియవు. డిగ్రీ సెకండియర్. ఫ్రెండ్స్‌కి చెప్పలేదు. సాయంత్రం ఎక్కడికైనా పిలిస్తే పనుందని తప్పించుకుంటా, పొగరు అనుకుంటున్నారు. పరీక్షలో నేను చెప్తే రాసే స్క్రైబ్‌గా ప్రతిసారి నాన్నే మా చుట్టాలబ్బాయిని పంపిస్తారు, వాడికి నేను చెప్పేది అర్థం కాదు, పోయిన సెమిస్టర్ ఒక పేపర్ పోయింది. నాన్నతో ఎలా చెప్పాలో తెలీదు. కర్ర పట్టుకోమని డాక్టర్ అన్నారు, ఇష్టం లేదు. (ఒక స్టూడెంట్, హనుమకొండ)

జవాబు: బాబూ, నీ ఉత్తరంలో నాకు బాగా బాధ అనిపించింది ఆ పొగరు అన్న మాట దగ్గర. కనపడక రాకపోవడానికి, ఇష్టం లేక రాకపోవడానికి తేడా వాళ్ళకి ఎలా తెలుస్తుంది చెప్పు, నువ్వు చెప్తే తప్ప. నీ జబ్బులో మసక వెలుతురులో చూసే కణాలు ముందు దెబ్బతింటాయి, అందుకే రాత్రి చూపు, పక్క చూపు ముందు పోతాయి, మధ్య చూపు చాలాకాలం ఉంటుంది. అందుకే నువ్వు పగలు పుస్తకం చదవడం చూసినవాడికి రాత్రి నీకు మెట్లు కనపడవంటే నమ్మకం కుదరదు. క్లాసు మొత్తానికి ప్రకటించక్కర్లేదు, దగ్గరివాడు ఒకడికి చెప్పు, జాలి పడేట్టు కాదు, పని చెప్పేట్టు: "నాకు చీకట్లో కనపడదురా, మెట్లొస్తే చెప్పు, నీ మోచెయ్యి పట్టుకుంటా, నన్ను లాగొద్దు." అంతే. మోచెయ్యి పట్టుకుని అరడుగు వెనక నడిస్తే వాడి ఒళ్ళు కదిలే తీరుని బట్టే ఎక్కడ ఎక్కుతున్నాడో ఎక్కడ దిగుతున్నాడో నీకు తెలిసిపోతుంది, వాడు చెప్పేదాకా ఆగక్కర్లేదు.

స్క్రైబ్ సంగతి. పరీక్ష నీది, మార్కులు నీవి, ఫెయిలైంది నువ్వు, కాబట్టి రాసేవాడిని ఎంచుకోవడంలో నీ మాట ఉండాలి. ముందు మీ యూనివర్సిటీ ఈ ఏడాది ఇచ్చిన సర్క్యులర్ నువ్వే తెచ్చుకుని చదువు, స్క్రైబ్‌ని మనమే తెచ్చుకోవచ్చా, వాళ్ళే ఇస్తారా, ఎంత చదివినవాడై ఉండాలి అనే రూల్స్ మారుతుంటాయి, పోయినేడు ఎవరో చెప్పింది నమ్ముకోవద్దు. అదనపు టైమ్ మాత్రం మర్చిపోకు, 2018లో కేంద్రం ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా ఇవ్వాలని ఉంది, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. అప్లికేషన్ నీ పేరుతో నువ్వే రాయి, పరీక్షకి నెల ముందే ఇవ్వు, అక్నాలెడ్జ్‌మెంట్ మీద స్టాంపు వేయించుకో. ఎవరైనా కుదరదంటే కాగితం మీద రాసివ్వమని అడుగు, గొంతు పెంచక్కర్లేదు, ఆ మాటకే చాలాచోట్ల పని అవుతుంది. స్క్రైబ్ ఎవరైనా సరే పరీక్షకి ముందు రెండు మూడుసార్లు కూర్చుని పాత పేపర్ రాయించు, ఎక్కడ పేరా మార్చాలో, స్పెల్లింగ్ ఎప్పుడు చెప్తావో, రాసింది ఎప్పుడు చదివి వినిపించాలో ఇద్దరూ మాట్లాడుకోండి. చెప్పి రాయించడం కూడా ఒక విద్యే, అది నీకే ఇంకా అలవాటు కాలేదేమో, ఆ పిల్లాడి తప్పు ఒక్కటే అని నేను అనుకోను.

నాన్నకి ఎలా చెప్పాలంటే, ఆయన పంపినవాడు పనికిరాడు అని మొదలుపెట్టకు. ఆయన నీకోసం చుట్టాల్ని బతిమాలుకుని పంపిస్తున్నాడు, ఆ మాట ముందు అను. "నాన్నా, ఈసారి నేను వెతుక్కుంటా, దొరక్కపోతే పరీక్షకి పదిహేను రోజుల ముందు నీకు చెప్తా" అను. తేదీ చెప్తే పెద్దవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది.

కర్ర గురించి నేను నిన్ను ఒప్పించను, పట్టుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం. తెలిసింది మాత్రం చెప్తా. పొడవాటి కర్రని ఎడమకీ కుడికీ ఆడిస్తూ నడిచే పద్ధతి రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో చూపు పోయిన సైనికుల కోసం అమెరికాలో రిచర్డ్ హూవర్ తయారుచేశాడు, మళ్ళీ సొంతంగా తిరగాల్సిన కుర్రాళ్ళ కోసం చేసింది అది. మడిచేది దొరుకుతుంది, పగలంతా బ్యాగులో పెట్టుకుని చీకటి పడ్డాక తీసేవాళ్ళు నీలాంటి చూపున్నవాళ్ళలో చాలామందే ఉన్నారు. ఒక నెల నేర్చుకుని అప్పుడు వద్దనుకో, నేర్చుకోకముందే వద్దనుకుంటే నువ్వు వద్దన్నది దేన్నో నీకే తెలియదు కదా.

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లాలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత సెంటర్‌లో ఐఈఆర్‌పీగా, అంటే వాళ్ళకి నేర్పే టీచర్‌గా చేస్తున్నా. ఎనిమిదో తరగతి బాబు ఒకడు పూర్తిగా చూపు లేనివాడు, తెలివైనవాడు. కానీ బ్యాగు మోసేది ఫ్రెండ్స్, మధ్యాహ్న భోజనం ప్లేట్ తెచ్చేది ఫ్రెండ్స్, నోట్స్ చెప్పేది ఫ్రెండ్స్. లెక్కలు, సైన్సు వీడికెందుకండీ అంటున్నారు స్కూల్లో. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ప్లేట్ దగ్గర మొదలుపెట్టండి. తరగతి నుంచి భోజనాల దగ్గరికి వేళ్ళ వెనక వైపు గోడకి ఆనించి నడిచే దారి నేర్పండి, ఎన్ని గుమ్మాలు, ఎక్కడ మలుపు, పప్పు వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది, కుళాయి చప్పుడు ఎటు. లైన్లో నిలబడి తన ప్లేట్‌లో తానే పెట్టించుకోవాలి. మొదటివారం సాంబారు కింద పోతుంది, పోనీండి. ఆ ఫ్రెండ్స్‌ని మాత్రం కోప్పడకండి, వాళ్ళవి మంచి మనసులు, "అడిగితే చెయ్యండి, అడక్కపోతే ఆగండి" అని ఒక్క మాట నేర్పితే చాలు వాళ్ళకి. వాడు మీ దగ్గరికొచ్చి "మేడం, రాట్లేదు" అంటే వెంటనే చెప్పెయ్యొద్దు, ఏం చేసి చూశావ్ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకోండి. ఆ ఊరుకోవడం మనకి, అంటే టీచర్లకి, అసలు అలవాటు లేదు.

లెక్కలు సైన్సు మాన్పించడానికి మాత్రం ఒప్పుకోకండి. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కి పదో తరగతి అయ్యాక చూపు లేదు కాబట్టి సైన్సు గ్రూపు ఇవ్వం అన్నారు, ఆయన కోర్టుకెళ్ళి సీటు తెచ్చుకున్నాడు, 98 శాతం మార్కులు తెచ్చుకుని అమెరికాలో ఎంఐటీలో చదివాడు, తిరిగొచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. పిల్లలందరూ అంతటివాళ్ళు అవ్వాలని నేను అనను, అలా అనడం పిల్లల మీద బరువు వెయ్యడమే. కానీ మీ ఎనిమిదో తరగతి బాబు లెక్కలు తనకి ఇష్టమో కాదో తానే తేల్చుకునేదాకా ఆ తలుపు మనం మూసెయ్యకూడదు. బ్రెయిలీలో లెక్కలు, ఉబ్బెత్తు బొమ్మలు, చేత్తో తడిమి లెక్కలు చేసే టేలర్ ఫ్రేమ్ మీకు తెలిసినవే, వాటిని బీరువాలోంచి బయటికి తీయించండి. ఇంకోటి, వీడి గురించి తల్లిదండ్రులతో మీటింగ్ పెట్టినప్పుడు వాణ్ణి కూడా కూర్చోబెట్టి మొదటి రెండు నిమిషాలు వాణ్ణే మాట్లాడనివ్వండి, నాకేం వచ్చు, నాకేం కష్టంగా ఉంది, వచ్చే ఏడు ఏం నేర్చుకోవాలనుంది అని. ముందురోజు ప్రాక్టీస్ చేయించండి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. బాబుకి 15, లో విజన్, అంటే చూపు తక్కువ. స్కూల్లో ఐఈపీ మీటింగులకి, అంటే వాడి ఒక్కడి కోసం రాసే చదువు ప్లాన్ మీటింగులకి, వాణ్ణి తీసుకెళ్ళాలా? మేమే మాట్లాడుకుంటే చాలదా?

జవాబు: తీసుకెళ్ళండి, వాడి పక్కన మీరు కూర్చోండి. అక్కడి చట్టం ప్రకారం పదహారేళ్ళు నిండేలోపే చదువయ్యాక ఏంటి అన్న ప్లాన్ ఐఈపీలో రాసి ఉండాలి, పద్దెనిమిది నిండాక అందులో సంతకం హక్కు చాలాచోట్ల పిల్లాడికే వెళ్ళిపోతుంది. అంటే ఇంకో మూడేళ్ళలో ఆ కుర్చీలో మాట్లాడాల్సింది వాడే. మరి ఎండాకాలం సెలవులకి ఇక్కడికి వచ్చినప్పుడు నాయనమ్మ నోట్లో ముద్దలు పెడితే పెట్టించుకోనివ్వండి, అది ప్రేమ, చూపున్న మనవడికీ పెడుతుంది ఆవిడ. కానీ ఊళ్ళో కొట్టుకెళ్ళి సబ్బు తెచ్చే పని కూడా వాడికి చెప్పమనండి.

ప్రశ్న: నాకు 19, పూర్తిగా చూపు లేదు. పోయిన ఎన్నికల్లో నాన్న నాతోపాటు లోపలికొచ్చి బటన్ ఆయనే నొక్కేశారు, ఎవరికి నొక్కారో కూడా చెప్పలేదు. అది నా ఓటు కదా మేడం? నేనొక్కదాన్నే వెయ్యొచ్చా? (ఓ అమ్మాయి, కరీంనగర్)

జవాబు: నీ ఓటే తల్లీ, నువ్వొక్కదానివే వెయ్యొచ్చు. తోడు తీసుకెళ్ళడానికి రూల్ ఉంది, పద్దెనిమిది నిండినవాళ్ళు ఎవరైనా సరే, నాన్నే అవ్వాలని లేదు, నువ్వు ఎంచుకున్న మనిషి, ఆ మనిషి ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్ళకూడదు, నువ్వు ఎవరికి వేశావో బయట చెప్పకూడదు. తోడు వద్దనుకుంటే ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని బ్రెయిలీ బ్యాలెట్ షీట్ ఇవ్వమని అడుగు, అభ్యర్థుల పేర్లు ఏ వరసలో ఉన్నాయో అందులో ఉంటుంది. నీకు కావాల్సిన పేరు ఎన్నో నంబరో గుర్తుపెట్టుకో. మిషన్ మీద కుడివైపు బటన్ల పక్కన బ్రెయిలీలో నంబర్లు ఉంటాయి, వేలితో పైనుంచి కిందికి చదువుకుంటూ రా, తొందరేం లేదు, వెనక లైన్లో ఎవరు గొణిగినా పట్టించుకోకు. నంబరు దొరికాక బటన్ నొక్కి, పొడుగ్గా బీప్ వినపడేదాకా అక్కడే ఉండు. నాన్నని గుమ్మం బయట నిలబడమని ముందే చెప్పు, ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే చెప్పు.